అటక మీది కొత్త బూట్లు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. పదకొండేళ్లుగా అటక మీద పడి ఉన్న బూట్ల జత తీసి, గుడ్డతో తుడిచి, కాస్త కొబ్బరినూనె రాసి, నా బావమరిది చేతిలో పెట్టి, "ఈ ఏడాది ఇచ్చినవేరా" అన్నాను. అతను వేసుకొచ్చిన మెత్తటి చెప్పుల్ని మా గుమ్మం పక్కనే విడిపించాను. ఎనభై కిలోమీటర్లు నడవాల్సిన మనిషి. పదేళ్లుగా షుగరున్న మనిషి. అరికాళ్లలో స్పర్శ సగం పోయిన మనిషి.

ఇది చెప్పకుండా మిగతాది చెబితే అంతా బూట్ల తప్పులా కనిపిస్తుంది. బూట్లు ఏ తప్పూ చేయలేదు.

మాది భిలాయి. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంటు పనికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టి, అదే గేటులోంచి ముప్పై నాలుగేళ్లుగా లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. వచ్చే ఏడాది రిటైరవుతాను. ప్లాంటు మనుషుల ఇళ్లలో ఒక అలవాటుంది. ఏటా ఇచ్చే సేఫ్టీ బూట్లను ఏటా వాడరు. పాత జత కుట్లు ఊడి, వేళ్లను కాపాడే ఇనప టోపీ తోలు చించుకుని బయటికి కనిపించేదాకా దాన్నే తొడుగుతారు. కొత్త జత పెట్టెతో సహా అటకెక్కుతుంది. ఎవరికోసం అంటే, ఎవరికోసమని కాదు. ఊరి నుంచి వచ్చే పెదనాన్నకు, పొలంలో పాముల భయం ఉందన్న మేనమామకు, వాచ్‌మన్‌కు, ఎవరో ఒకరికి. "మా ఇంటికొచ్చినోడు ఒట్టి కాళ్లతో ఎల్లకూడదు" అనేవాడు నాన్న. ఆయన మాత్రం అడుగు అరిగిపోయిన జతను సుపేలా బజారులో చెప్పులు కుట్టే మోచీ దగ్గరికి తీసుకెళ్లి, లారీ టైరు ముక్క వేయించుకుని మళ్లీ మూడేళ్లు తొడిగేవాడు. కట్టుబట్టలతో వచ్చిన వాళ్లకు పెట్టె విప్పని వస్తువు ఇంట్లో ఉండడమే ఒక ధైర్యం. ఆ ధైర్యాన్ని నేనూ అటక నిండా పోగేశాను.

నా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, జాముల్‌లో సిమెంటు ఫ్యాక్టరీ రోడ్డు మీద టిఫిన్ బండి నడుపుతాడు. పొద్దున్న ఆరింటికి మొదటి ఇడ్లీ వాయ దిగుతుంది. పదకొండు దాకా నిలబడే ఉంటాడు. ఆ నిలబడ్డం మీదే ఆ ఇల్లు నడుస్తుంది. కిందటి చలికాలంలో అతని భార్యకు రాయపూర్‌లో కడుపు ఆపరేషన్ అయింది. ఆపరేషన్ గది బయట కూర్చుని అతను మొక్కుకున్నాడు. మనిషి బతికి ఇంటికొస్తే భిలాయి నుంచి డోంగర్‌గఢ్ కొండ మీది అమ్మవారి దాకా నడిచి వస్తాను, మధ్యలో బండెక్కను అని. పక్క కుర్చీలో కూర్చున్నది నేను. "బూట్ల పూచీ నాదిరా. ఈ ఏడాది వచ్చే జత నీదే" అన్నది కూడా నేనే.

డోంగర్‌గఢ్ నడక మా వైపు కొత్త కాదు. ఉగాదితో మొదలయ్యే చైత్ర నవరాత్రుల్లో, మళ్లీ దసరా నవరాత్రుల్లో, జనం రోడ్డు వెంబడి బారులు తీరి నడుస్తారు. మధ్యమధ్యలో షామియానాలు వేసి నడిచేవాళ్లకు టీ, అటుకుల పోహా, మజ్జిగ ఇస్తారు, కాళ్లకు నూనె రాస్తారు. అందరికీ అది నడక, అతనికి మాత్రం అరికాళ్లతో పందెం. డాక్టరు ఒకటే మాట చెప్పాడు. ఇంట్లో కూడా ఒట్టి కాళ్లతో తిరక్కు, అరికాలికి ఏమైనా అయితే నీకు తెలియదు, తెలిసేసరికి వేలు పోతుంది, ఆ తర్వాత పాదం పోతుంది అని. బావమరిది దీన్ని నవ్వుతూ చెప్పేవాడు. "దూది మీద నడుస్తున్నట్టుంటాది బావా. ఒకలాగ సుఖమే." వాళ్లక్క నవ్వేది కాదు.

ఫిబ్రవరిలో కొత్త జత వచ్చింది. ఈసారి మోడల్ మారింది. ఇనప టోపీ బదులు ఏదో తేలికైన ఫైబరు పెట్టారు, లోపల మెత్తటి అట్ట. ఊరికే చూద్దామని తొడిగాను. రెండేళ్లుగా నా మడమలో మేకు దిగినట్టుండే నొప్పి ఆ పూట లేదు. మర్నాడు మళ్లీ తొడిగాను. వారం తిరిగేసరికి అవి నావైపోయాయి.

ఇవ్వకూడదని ఎన్నడూ అనుకోలేదు. ఇవాళ విప్పి ఇచ్చేస్తాను, రేపు ఇచ్చేస్తాను అనుకుంటూ తిరిగాను. అతను రెండుసార్లు ఫోన్ చేసి అడిగాడు.

"బూట్లొచ్చాయేటి బావా? కాస్త ముందుగా ఇస్తే కాలికి అలవాటు సేసుకుంటాను."

"ఇంకా రాలేదురా, ఈసారి ఆలస్యమైంది" అన్నాను, ఆ బూట్లతోనే నిలబడి.

నడక రేపనగా అటకెక్కాను. ఆరు పెట్టెలున్నాయి. అన్నిటికన్నా అడుగున ఉన్న పెట్టెలో బూట్లు అన్నిటికన్నా నిగనిగలాడుతున్నాయి, పైన ఇన్ని పెట్టెలు ఉండడంవల్ల దుమ్ము పడలేదు. కాగితం కూడా విప్పలేదు. తొడగని బూటు కొత్త బూటే కదా, అనుకున్నాను. ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను, ఆ మాట నేను నమ్మాను. నడిస్తేనే బూట్లు పాతబడతాయని నమ్మాను. కరిగిన ఇనుము పక్కన తిరగడానికి చేసిన బూటు తారు రోడ్డు మీద ఏమైపోతుంది? కానీ నమ్మితే, అబద్ధం ఎందుకు చెప్పాను? "పదకొండేళ్ల కిందటివి, కానీ తొడగలేదు" అని చెప్పొచ్చుగా. ఆ ప్రశ్న దగ్గరే నా వాదనంతా ఆగిపోతుంది.

పొద్దున్న ఐదింటికి అతను వచ్చాడు. నా భార్య లోపల పులిహోర పొట్లాలు కడుతోంది. అతను బూట్లు తొడిగి హాలులో నాలుగడుగులు వేశాడు.

"బరువున్నాయి బావా."

"గట్టివిరా. నడుస్తుంటే తెలీదు."

నా భార్య వంటింట్లోంచి వచ్చి ముక్కు ఎగబీల్చింది. "ఏటండీ, ఈటికి నేప్తలీన్ వాసనొస్తోంది?"

"కొత్త తోలు వాసన" అన్నాను.

"చెప్పులు సంచిలో పెట్టుకోరా తమ్ముడా" అంది ఆవిడ.

"ఎందుకు మోత? బూట్లున్నాయి కదా" అన్నది మళ్లీ నేనే. సంచిలో ఆ చెప్పులుంటే వాడు దారిలో మార్చుకుంటాడు, బూట్లు సరిగా చూస్తాడు, పెట్టె గురించి అడుగుతాడు. అంత దూరం ఆలోచించి అన్నానా? ఆలోచించాననే అనిపిస్తుంది.

తోడుగా నేనూ నడిచాను. దుర్గ్ దాటేదాకా బాగానే ఉంది. అతను హుషారుగా నడిచాడు. దారిలో ఎవరు కనిపించినా పలకరించాడు, టీ తాగిన ప్రతిచోటా టీ ఎలా కాయాలో చెప్పాడు. "పెద్ద ఆఫీసరు లాగున్నాను కదా బావా ఈ బూట్లతోటి?" అన్నాడు. కాసేపాగి, "నువ్వు రిటైరైపోయాక మన బండికాడికొచ్చీ. ప్లేట్లు కడుగుదువుగాని. అనుభవం లేకపోయినా ఫర్వాలేదు, నేర్పుతాను" అన్నాడు. నేను నవ్వాను. నాకు నడక సాగడంలేదు. కాసేపు అతని ముందుకు వెళ్లేవాణ్ణి, కాసేపు వెనకబడేవాణ్ణి. ముందుంటే అతని అడుగుల చప్పుడు వినిపించేది, వెనకుంటే మడమలు కనిపించేవి. రెండూ బాగుండేవి కావు.

శివనాథ్ వంతెన మీద మొదటిసారి చూశాను. తెల్లటి సిమెంటు మీద నల్లటి పలుకులు, పాతబడిన మైసూరుపాకు విరిస్తే రాలినట్టు. ముందు ఏ లారీ నుంచో రాలిన బొగ్గు అనుకున్నాను. నాలుగడుగులు వేశాక మళ్లీ కొన్ని. అతని ఎడమ అడుగు పడి లేచిన ప్రతిచోటా కొన్ని. వంగి ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాను. పొడైపోయింది.

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. అటక మీద పదకొండు ఎండాకాలాలు, పదకొండు వానాకాలాలు గడిచాయి. పైకి తోలు నిలిచింది, కింద అడుగు లోపల్లోపలే చచ్చిపోయింది. కాలి కింద పడి రోజూ నలిగే బూటు కన్నా, పెట్టెలో కదలకుండా ఉన్న బూటు ముందు పోయింది.

అప్పటికి తొమ్మిదింబావు. ఆ క్షణంలో పిలిచి ఉంటే సరిపోయేది. మా ఇద్దరి సైజూ ఒకటే, ఎనిమిది. నా కాళ్లకున్నవి అతనికి చెప్పిన బూట్లు, గట్టివి, తేలికవి. "ఆగరా" అని వంతెన గోడ మీద కూర్చోబెట్టి విప్పి ఇస్తే రెండు నిమిషాల పని. కానీ విప్పితే అడుగుతాడు. ఇవి ఎక్కడివి బావా అంటాడు. ఈ ఏడాదివి అవైతే ఇవేటి అంటాడు. ఇన్నేళ్లుగా ఒక్కసారి కూడా నన్ను అనుమానించని మనిషి ముందు ఆ రెండు జతలూ పక్కపక్కన పెట్టడం నా వల్ల కాలేదు. రాజ్‌నాంద్‌గావ్ దాకా నిలిస్తే చాలు, అక్కడ దుకాణాలుంటాయి, ఏదో వంక చెప్పి వేరే జత కొనిపిస్తాను అనుకున్నాను. ఇంకా పాతిక కిలోమీటర్లు.

ఆ పాతిక కిలోమీటర్లలో ఎక్కువ భాగం నేను రోడ్డునే చూశాను. పలుకులు తక్కువైతే ఊపిరి పీల్చుకునేవాణ్ణి, ఎక్కువైతే ఫోన్ తీసి ఎంత దూరం మిగిలిందో చూసేవాణ్ణి. పది నిమిషాలకోసారి చూశాను. ఒకసారి కాలితో పలుకుల్ని రోడ్డు పక్కకు తోశాను కూడా, వెనక ఎవరో చూసి చెబుతారేమోనని. యాభై తొమ్మిదేళ్ల మనిషిని, అది కూడా చేశాను.

అయినా ఒకావిడ చూసింది. మా వెనకే నడుస్తున్న ఒక ముసలావిడ, నెత్తి మీద మూట, కాళ్లకు లారీ టైరు అడుగున్న చెప్పులు. అంజోరా దాటాక నా పక్కకు వచ్చి, ముందున్న అతన్ని చూపిస్తూ ఛత్తీస్‌గఢీలో అంది. "భయ్యా, ఓకర్ జూతా ఝరత్ హే." అతని బూటు రాలిపోతోందట.

"మట్టి, దాయీ, మట్టి అంటుకుంది" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది, నా కాళ్లకున్న బూట్లు చూసింది. నడక పెంచి ముందుకు వెళ్లిపోయింది. ఆ టైరు చెప్పులు చాలాసేపు నా ముందు కనిపించాయి, ఒకే చప్పుడుతో.

పన్నెండయ్యేసరికి తారు వేడెక్కింది. షామియానా దగ్గర ఆగినప్పుడు అతను కుర్చీలో వాలి మజ్జిగ తాగాడు. బూట్లు విప్పి కాసేపు గాలి తగలనిస్తానన్నాడు. "విప్పితే మళ్లీ ఎక్కవురా, కాళ్లు పొంగుతాయి" అన్నాను. ఆ మాటలో నిజముంది. అందుకే ఎప్పటికీ మరవలేను. నిజాన్ని కూడా నా అబద్ధానికి కాపలా పెట్టాను.

"నువ్వేటి బావా ఇయాళ అంత కంగారుగా ఉన్నావు? కడుపులో బాగోలేదా?"

"ఏం లేదు. ఎండ."

"పోనీ నువ్వు బస్సెక్కి ఎల్లిపో. మొక్కు నాది కదా. నీకేటి?"

మళ్లీ నడిచాం. రాజ్‌నాంద్‌గావ్ ఇంకా ఎనిమిది కిలోమీటర్లుందనగా అతను నన్ను పిలిచి అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"బావా, ఎడమ బూటు ఏటో తేలికైపోయింది. మంచి హాయిగా ఉంది."

వెనక్కి తిరిగి చూశాను. ముప్పై గజాల వెనక రోడ్డు మధ్యలో బూటు అడుగు పడి ఉంది, మడమ నుంచి వేళ్ల దాకా, ఎవరో కోసి పెట్టినట్టు. అది ఊడిపోయాక అతను ముప్పై గజాలు నడిచాడు. అంతకుముందు సగం ఊడి ఎంత దూరం నడిచాడో, కాగితంలా పలచబడిన అట్టలోంచి ఎంతసేపు తారు తగిలిందో, ఎవరికీ తెలీదు. అతనికైతే అసలే తెలీదు.

ముందు కనిపిస్తున్న షామియానాలో మందుల బల్ల ఉంది. తెల్లకోటు వేసుకున్న ఒక దీదీ అక్కడ అందరి కాళ్లూ చూస్తోంది. అతన్ని భుజం పట్టి తీసుకెళ్లాను. ఆవిడ బూటు విప్పింది. మేజోడు విప్పబోతే రాలేదు, తడిసి అతుక్కుపోయింది. నీళ్లు పోసి నెమ్మదిగా లాగింది. వేళ్ల కింద పెద్ద పొక్కు పగిలి చర్మం మడతపడిపోయి ఉంది. చిటికెన వేలి మొదట్లో చిన్న కంకరరాయి ఒకటి మాంసంలోకి దిగి ఉంది.

బావమరిది వంగి చూశాడు. వేరేవాళ్ల కాలు చూసినట్టు చూశాడు. "ఇది నాదేనా?" అన్నాడు. నవ్వుతాడేమోనని ఎదురుచూశాను. నవ్వలేదు.

"షుగర్ ఉందా?" అని అడిగింది దీదీ హిందీలో. ఉందన్నాడు. ఆవిడకు కోపం వచ్చింది. అడుగులేని బూటును చేత్తో ఎత్తి పట్టుకుని, "ఇవి వేసుకుని ఎవరు నడవమన్నారు నిన్ను? ఎక్కడివి?" అంది.

"మా జీజాజీ ఇచ్చారు" అన్నాడు అతను. నన్ను వెనకేసుకొస్తున్నట్టు గొంతు పెంచి, "నయే హైఁ దీదీ. ఇసీ సాల్ కే" అన్నాడు, కొత్తవే, ఈ ఏడాదివే అని.

"కాదు" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. తెలుగులోనే చెప్పాను, ఆవిడకు అర్థం కాకపోయినా అతనికి అర్థం కావాలి. పదకొండేళ్ల కిందటి జత అని చెప్పాను. ఈ ఏడాది జత నా కాళ్లకున్నదని చెప్పాను. వంతెన మీదే చూశానని చెప్పాను. ఆ చివరి మాట చెప్పకుండా ఉండిపోవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. కానీ మిగతావన్నీ చెప్పి అదొక్కటి మింగితే, చెప్పినదంతా కూడా అటకెక్కినట్టే అనిపించింది.

అతను నా బూట్లను చాలాసేపు చూశాడు. తిట్టలేదు. ఒక్క మాట అన్నాడు.

"సెప్పులేసుకునొచ్చీవోణ్ణి బావా."

ఇంక నడవడానికి వీల్లేదంది దీదీ. అతను బతిమాలాడు. రాజ్‌నాంద్‌గావ్ దాకా అయినా వెళ్తానన్నాడు, సగమైనా అవుతుందన్నాడు. ఆవిడ కట్టు కడుతూ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి ఆటో పిలిచాం. ఎక్కే ముందు అతను ఒంటికాలి మీద నిలబడి, డోంగర్‌గఢ్ వైపు వెళ్లే రోడ్డుకు చేతులు జోడించాడు. పెదవులు కదిలాయి. ఏం చెప్పుకున్నాడో నేను అడగలేదు. ఆటోలో కూర్చున్నాక మొహం అటు తిప్పుకుని ఏడ్చాడు. మొక్కు తీరకుండానే బండెక్కాడు.

అతని పక్కనే కూర్చుని నా భార్యకు ఫోన్ చేశాను. ఏదో ఒకటి చెప్పి ఇంటికి వెళ్లాక సర్దుకుందామని మనసు లాగింది. అతను వినేలా, మొత్తం చెప్పాను. తర్వాత ఆవిడ అంది. "తోలు వాసనన్నారు కదండీ మీరు." ఫోన్ పెట్టేసింది.

దుర్గ్‌లో ఆసుపత్రిలో రాయి తీశారు. చిటికెన వేలి పక్కన చర్మం నల్లబడుతోందని, వారం చూసి చెబుతామని అన్నారు. ఆ వారం పది రోజులైంది. రోజూ కట్టు విప్పినప్పుడు ఇంట్లో అందరం ముందు ఆ నలుపు వైపే చూసేవాళ్లం, పెరిగిందా, ఆగిందా అని. పదో రోజున ఆగింది. వేలు నిలిచింది. కానీ నెలన్నర నిలబడకూడదన్నారు.

అందుకని నేను సెలవు పెట్టాను. దాచుకున్న సెలవులు చాలా ఉన్నాయి, అవి కూడా అటక సరుకే. పొద్దున్న నాలుగున్నరకు స్కూటరు మీద జాముల్ వెళ్లేవాణ్ణి. అతని భార్య ఇంకా నీరసంగానే ఉంది, పిండి కలిపి పంపేది. అతను మంచం మీద నుంచి అన్నీ పురమాయించేవాడు. నేను బండి దగ్గర ఇడ్లీ తీసేవాణ్ణి, ప్లేట్లు కడిగేవాణ్ణి. మొదటి వారం నా ఇడ్లీలు పాత్రకే అంటుకున్నాయి. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు బాగా ఆడుకున్నారు. "భయ్యా, నయా స్టాఫ్ ఆయా హై క్యా? చట్నీ ఇవ్వడానికి కూడా పర్మిట్ కావాలా?" అనేవారు, ప్లాంటులో ప్రతి పనికీ పర్మిట్ కాగితం ఉంటుందని తెలిసి. ఒకతను రోజూ నా మొహం చూసి, "సాబ్, షిఫ్ట్ కబ్ ఖతమ్ హోగీ?" అని, షిఫ్ట్ ఎప్పుడైపోతుందని అడిగేవాడు. బావమరిదికి ఇవన్నీ చెప్పేవాణ్ణి. మొదట్లో వినీ విననట్టుండేవాడు. మూడో వారంలో ఒకరోజు, "పర్మిట్టా?" అని నవ్వాడు.

బండి కట్టేశాక అతని కాలు కడిగి కట్టు మార్చేవాణ్ణి. అది అన్నిటికన్నా కష్టమైంది, నాకు కాదు, అతనికి. "నువ్వు పెద్దోడివి బావా, నా కాలు ముట్టుకుంటావేటి? పాపం నాకు సుట్టుకుంటాది" అని కాలు వెనక్కి లాక్కునేవాడు.

"నాకు చుట్టుకున్నది చాలదా? ఇటియ్యి."

"నర్సమ్మ సేస్తాది."

"నర్సమ్మ ఇచ్చిందా నీకు బూట్లు?"

అప్పుడు ఇచ్చేవాడు, మొహం గోడ వైపు తిప్పుకుని.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అటక మీది మిగతా ఐదు పెట్టెలూ దించాను. ఒక్కో బూటునూ రెండు చేతులా పట్టి వంచాను. మూడు జతలు చేతుల్లోనే పగిలాయి. చెత్తలో వేస్తే ఎవరో ఏరుకుని తొడుగుతారని, కత్తితో తోలు అడ్డంగా కోసి పడేశాను. గట్టిగా ఉన్న రెండు జతలూ ఆ రోజే ఇచ్చేశాను, ఎన్నేళ్లవో చెప్పి ఇచ్చాను. గత రెండు మూడేళ్లలో నేను బూట్లిచ్చిన వాళ్లను గుర్తు చేసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుగు వంచి చూడమన్నాను. ఊళ్లో ఉన్న మేనమామ కొడుకు అన్నాడు. "ఆ బూట్లా? అవెప్పుడో ఊడిపోయాయి. నాట్లేసినప్పుడే. నువ్వు బాధపడతావని సెప్పలేదు."

ఫిబ్రవరి జతను అతనికి ఇవ్వబోయాను. తీసుకోలేదు. "నీ కాలి అచ్చు పడిపోయింది బావా ఆటికి. నాకు పనికిరావు." నిజమే. నిజం కాకపోయినా అతనికి ఆ మాట అనే హక్కుంది. వానలు మొదలయ్యాక, డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని ఇద్దరం దుకాణానికి వెళ్లాం. తొమ్మిది జతలు తొడిగి చూశాడు. వేళ్లకు వెడల్పుగా, లోపల కుట్లు లేని ఒక జత తీసుకున్నాం. మొదటి వారం ఇంటి నుంచి పాన్ దుకాణం దాకా, రెండో వారం రైలు గేటు దాకా, ఆ తర్వాత ఇంకా దూరం, మూడు నెలలు రోజూ సాయంత్రం ఇద్దరం నడిచాం. తిరిగొచ్చాక కాలు ఇచ్చేవాడు, చూసేవాణ్ణి. ఆ నడకలో మేం ఆ రోజు గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నేను క్షమించమని అడిగిందీ లేదు, అతను క్షమించానన్నదీ లేదు.

దసరా నవరాత్రుల్లో అతను మళ్లీ బయల్దేరాడు. ఆగిపోయిన చోటి నుంచి నడిస్తే సరిపోతుందేమో అన్నాను. నా వైపు జాలిగా చూసి, "రైలు టిక్కెట్టేటి బావా, మధ్యలో దిగి మళ్లీ ఎక్కడానికి?" అన్నాడు. మా గుమ్మం నుంచే మొదలుపెట్టాడు. నేనూ బయల్దేరాను. సంచిలో అతని మెత్తటి చెప్పులు, ఆరు జతల తెల్ల మేజోళ్లు, నీళ్ల సీసా, దూది, చిన్న అద్దం. తెల్లవి ఎందుకంటే రక్తం చుక్క పడినా కనిపిస్తుంది. మేజోళ్లు సర్దింది నా భార్య. అద్దం కూడా ఆవిడే పెట్టింది.

గంటకోసారి ఆపాను. చెట్టు కిందో, షామియానాలోనో, ఏమీ లేకపోతే మైలురాయి మీదో కూర్చోబెట్టి, బూట్లు విప్పి, మేజోళ్లు తీసి, రెండు అరికాళ్లూ చూశాను. వేళ్ల మధ్య చూశాను. అందని చోట అద్దం పెట్టి చూశాను. బూట్లో చెయ్యి పెట్టి ఇసుక ఉందేమో తడిమాను, అడుగు వంచి చూశాను. దారిన పోయేవాళ్లు ఏ మొక్కో అనుకుని దణ్ణం పెట్టారు. అతను సిగ్గుతో చచ్చిపోయాడు. "బావా, ఊరంతా సూస్తన్నారు. కనీసం నువ్వు మొహానికి గుడ్డయినా కట్టుకో" అన్నాడు. శివనాథ్ వంతెన మీద కూడా ఆపాను. అక్కడ కొంచెం ఎక్కువసేపు చూశాను. అతను గోడ మీద కూర్చుని నీళ్ల వైపు చూస్తూ, నేను లేస్తుంటే, "ఏటైనా రాలుతున్నాయా?" అన్నాడు.

"లేదు."

"పద, మరి."

రాజ్‌నాంద్‌గావ్‌లో పడుకుని, రెండో రోజు సాయంత్రానికి కొండ కిందికి చేరాం. మెట్లు వెయ్యికి పైనే ఉంటాయి. అక్కడ బూట్లు విప్పాల్సిందే. డాక్టరు ఒట్టి కాళ్లు వద్దన్నాడు, అమ్మవారి మెట్ల మీద చెప్పులు ఉండకూడదు. అతనికి కొత్త మేజోళ్లు రెండు జతలు ఒకదాని మీద ఒకటి తొడిగాను. అతని బూట్లూ నా బూట్లూ నా సంచిలోనే పెట్టుకుని భుజాన వేసుకున్నాను. తర్వాత తువ్వాలు చేతికి చుట్టుకుని అతనికన్నా ఒక మెట్టు ముందు నడిచాను. కొబ్బరి పెంకులు, అగ్గిపుల్లలు, గాజు ముక్కలు, కంకర. ప్రతి మెట్టూ తుడిచి, వెనక్కి తిరిగి, "రా" అన్నాను. అతను కాలు పెట్టాడు. మళ్లీ తర్వాతి మెట్టుకు వంగాను.